ఎఫ్-రెండు మీట

ప్రోగ్రాములో ఒక మాట మీద కర్సర్ నిలిపి బాబాయ్ ఎఫ్-రెండు మీట నొక్కాడు. తెర నిలువునా రెండై, కుడిపక్కన ఆ మాట ఎలా వాడాలో చెప్పే పుట తెరుచుకుంది. చదివాడు, మూశాడు. రెప్పపాటు పని.

ఆసుపత్రి కంప్యూటర్ గదిలో అందరికీ ఆయన బాబాయే. తొమ్మిదో తరగతిలో బడి మానేసి, రోగుల పేర్లు టైపు చేసే పనికి కుదిరాడు. ప్రోగ్రాములు రాయడం ఎవరూ నేర్పలేదు. అడిగితే "నీకెందుకయ్యా" అన్నవాళ్లే. దిండంత మాన్యువల్ తిప్పి తిప్పి విసిగి, దాన్నంతా ప్రోగ్రాములు రాసుకునే ఎడిటర్‌లోకి ఎక్కించి ఒక్క మీటకి కట్టేశాడు. మూడు నెలలు పట్టింది. డిగ్రీలవాళ్లు నవ్వారు. నవ్వనీ.

ఇవాళ్టితో ఉద్యోగం సరి. సాయంత్రం ఆయన మెషీన్‌లో ఉన్నదంతా తుడిచేస్తారు, మీటా పోతుంది. అదొక్కటే ముల్లులా గుచ్చుతోంది. ఉంచమని అడగడానికి నోరు రాదు.

పదకొండింటికి గోల మొదలైంది. ఏ రోగి పేరు కొట్టినా 'లేరు' అంటోంది కంప్యూటర్.

"బతికున్నవాళ్లందర్నీ లేరంటోంది బాబాయ్!" టీమ్ లీడర్ అమ్మాయి పరుగెత్తుకొచ్చింది. "ఇందాకే ప్రోగ్రాములో పేర్లు వెతికే ముక్క మార్చాను. నెట్‌లో చూసే రాశాను, పొల్లుపోకుండా."

"నెట్‌లో ఉన్నది కొత్త వెర్షన్‌ది తల్లీ. మన సర్వర్ నాలాగే పాతది." మీట నొక్కాడు. "ఇదిగో, దీని పుస్తకం. ముందు ఎక్కడ వెతకాలో చెప్పాలి, తర్వాత ఏం వెతకాలో. నువ్వు తలకిందులు చేశావు."

అటుదిటు మార్చింది. పేర్లు బిలబిలా వచ్చేశాయి.

"మొన్న దీన్ని పాతసామానన్నాను. ఏమనుకోకు బాబాయ్."

"అనుకున్నాను. ఎందుకనుకోను?"

ఆమె నవ్వలేక నవ్వింది. "నా మెషీన్‌లో పెట్టవూ? అందరివాటిల్లోనూ?"

"ఇన్నేళ్లకి తోచిందా ఒకరికి!" మూతి బిగించాడు గాని, ఛాతీ చొక్కా గుండీలు తెగేలా పొంగింది.

ఆరు మెషీన్ల దగ్గరా కూర్చున్నాడు. ఒక్కొక్కరి చేతా స్వయంగా నొక్కించి చూశాడు. "మెల్లగా. అదేమన్నా తలుపు గడియా?" అని కసిరాడు కూడా.

అయిదింటికి గుర్తింపు కార్డు గేటు దగ్గర ఇచ్చేసి, వెనక్కి చూడకుండా రోడ్డెక్కాడు. లోపల ఎవరి తెరలో వాళ్లు మునిగి ఉన్నారు. ఆయన లేచి వెళ్లిన సంగతే తెలీదు. ఆయన కుర్చీకి పరిచిన తువ్వాలు, నడుము ఆనిన చోట పలచబడి, అలాగే ఉంది.