నల్లమూత పసుపు

మ్యూజియం మొదటి అంతస్తులో, పెద్ద కిటికీకి ఎదురుగోడ మీద పన్నెండు పూల బొమ్మలు వేలాడుతున్నాయి. పన్నెండూ మ్యూజియం మొదటి మొక్కల పుస్తకం కోసం ఆమె వేసినవే. మొదటి ఏడింట్లో పసుపు నిక్షేపంలా ఉంది. చివరి ఐదింట్లో చచ్చిపోయింది. రేకులు ఉండాల్సిన చోట టీ ఒలికి ఆరిపోయినట్టు పాలిపోయిన మరకలు మిగిలాయి.

"రెండేళ్లు కూడా నిలవలేదండీ," అన్నాడు డైరెక్టరు, చేతులు వెనక్కి కట్టుకుని. "నాసిరకం రంగు వాడారని కమిటీలో అనుకుంటున్నారు. నేననడం లేదు, వాళ్లంటున్నారు."

ఆమెకి ఒళ్లు మండిపోయింది. అనేదేదో మొహం మీద అనే ధైర్యం లేక వాళ్లనీ వీళ్లనీ అడ్డం పెట్టుకునే మనుషులంటే ఆమెకి మొదట్నుంచీ పడదు.

"రంగు నా ఇంట్లోంచి తెచ్చుకోలేదు సార్. మీ స్టోరు ఇచ్చిందే వాడాను."

"అది తేలాలి కదా. రెండో పుస్తకం పని ఎవరికివ్వాలో ఎండాకాలం చివర్లో కూర్చుని నిర్ణయిస్తారు. ఈలోగా తేల్చుకోండి."

రెండో పుస్తకమంటే నలభై మొక్కలు, నాలుగేళ్ల పని. పాతికేళ్లుగా పగలంతా పిల్లలకి నీటిరంగులు నేర్పి, సాయంత్రం మిగిలిన ఓపికతో సొంత బొమ్మలు వేసుకున్న మనిషికి యాభై దాటాక దొరికిన పని అది. అది పోతే మళ్లీ అలాంటిది రాదు. డైరెక్టరుకీ తెలుసు, ఆమెకీ తెలుసు.

ఇంకో సంగతి కూడా ఉంది. ఆమెని ఆమె క్లాసులో అందరూ 'నంబర్ల టీచరు' అంటారు. కొత్తగా చేరిన పిల్లలకి మొదటిరోజు బ్రష్ కూడా పట్టనివ్వదు. రంగు ట్యూబు తిరగేయించి, వెనక చీమ తలకాయంత అక్షరాల్లో ఉన్న నంబరు చదివిస్తుంది. ఏ పొడితో ఆ రంగు చేశారో చెప్పేది ఆ నంబరే. "ముందున్న పేరు చూసి మోసపోకండర్రా. పేరు ఎవడైనా పెట్టుకోవచ్చు. ఐదు కంపెనీలు ఐదు రకాల పొడులు కలిపి పసుపు చేసి అన్నిటికీ గాంబోజ్ అనే పేరు పెడతాయి. ఒకటి మీ మనవల దాకా ఉంటుంది, ఇంకోటి మీ పరీక్షల దాకా కూడా ఉండదు." ఇది ఆమె రోజూ చదివే పాఠం. అలాంటి మనిషిని పట్టుకుని నాసిరకం రంగు వాడిందంటే ఊరుకుంటుందా?

బస్సులో ఇంటికి వస్తూ లెక్క తేల్చేసుకుంది. మొదటి ఏడు బొమ్మలూ స్టోరు మొదట ఇచ్చిన ఎర్రమూత ట్యూబుతో వేసింది. అది అయిపోయాక నల్లమూత ట్యూబు వచ్చింది. తర్వాతి ఐదూ దాంతోనే. అంటే స్టోరు ఆయన మధ్యలో కంపెనీ మార్చేశాడు. చవగ్గా దొరికిందని అంటగట్టేశాడు. ఇంకేం కావాలి!

మర్నాడే ఊళ్లో ఉన్న రంగుల దుకాణాలన్నీ తిరిగి ఐదు కంపెనీల గాంబోజ్ తెచ్చింది. ఎరుపు వైపు మొగ్గే పసుపు అది, రంగులవాళ్లు వార్మ్ ఎల్లో అంటారు. మందపాటి కాగితాన్ని పట్టీలుగా కోసి, ఒక్కో పట్టీ మీద ఒక్కో రంగు పూసింది. పైన చిక్కగా, కిందికి వచ్చేకొద్దీ నీళ్లు కలిపి పల్చగా.

పక్కపక్కన పెట్టి చూస్తే ఐదూ ఐదు రకాల మనుషులు. ఎర్రమూత నెమ్మదస్తుడు, ఎన్నిసార్లు పూసినా ఒకేలా ఆరుతుంది. నీలంమూత మొండిది, కాగితానికి అతుక్కుని కదలనంటుంది. తెల్లమూత పూసినప్పుడు బాగానే ఉండి, ఆరాక సుద్ద కలిపినట్టు మసకబారింది. బడిపిల్లల డబ్బాలోని బిళ్ల ఎంత రుద్దినా నీళ్లకి నీళ్లే. నల్లమూత మాత్రం... ఆమెకి ఒప్పుకోవాలని లేదు గానీ ఐదింట్లో అందగత్తె అదే. బ్రష్ తగలగానే తడిలో పరుగెత్తింది. పల్చగా చేసినా వెలుగు తగ్గలేదు. మందార మొగ్గ విచ్చుకునేటప్పుడు లోపల కనిపించే పసుపు అచ్చం అదే. దాన్ని చూస్తే ఆమెకి ఇంకా కోపం వచ్చింది.

ప్రతి పట్టీకి సగం మీద నల్లకాగితం అంటించి, ఐదింటినీ వంటగది కిటికీ అద్దానికి టేపుతో అతికించింది. ఎండ పొద్దున్నుంచి మూడింటి దాకా పడేది అక్కడే. కాగితం లేని సగం ఎండకి ఎండుతుంది, కాగితం కింది సగం సాక్ష్యం చెబుతుంది.

"నువ్వు కిటికీకి గంతలు కట్టేస్తే నాకు కూరలో ఉప్పెంత వేశానో ఎలా కనిపిస్తుందే?" అంది అత్తగారు.

"మూడు నెలలు ఓపిక పట్టండత్తయ్యా. నా పరువు అక్కడ వేలాడుతోంది."

"పరువు కిటికీకి వేలాడదీశావు, సరే. మా కూర సంగతేంటి?" అన్నాడు మొగుడు పేపరు వెనకాల నుంచి. ఆయన కళ్లజోళ్లు బిగించే పని చేస్తాడు. పగలంతా ఊళ్లోవాళ్ల చూపు సరిచేసి వచ్చి, ఇంట్లో మాత్రం పెళ్లాం చూపు ఎటుంటే అటు పక్కకి తప్పుకుంటాడు.

మూడు నెలలు అక్కర్లేకపోయింది. ఐదోవారానికే నల్లమూత పట్టీ పల్చటిచోట తెల్లబడింది. తొమ్మిదోవారానికి చిక్కటిచోట కూడా పోయింది. నల్లకాగితం లేపి చూస్తే కింద నిగనిగలాడే పసుపు, పక్కన మ్యూజియం గోడ మీది మరకే. మిగతా నాలుగూ ఇంచుమించు చెక్కుచెదరలేదు. చివరికి బడిపిల్లల బిళ్ల కూడా.

ఆమె అక్కడే కూర్చుని ఉత్తరం రాసింది. అగ్గి మీద గుగ్గిలమై ఉన్నప్పుడు ఉత్తరం రాయకూడదని మొగుడు అననే అన్నాడు. "నేను నిజం రాస్తున్నా, కోపం కాదు," అంది. రాసింది మాత్రం రెండూ. రంగులంటే ఏమిటో తెలియని మనిషిని స్టోరులో కూర్చోబెట్టారనీ, ఆయన కక్కుర్తి వల్ల ఐదు బొమ్మలు నాశనమయ్యాయనీ, పాతికేళ్ల తన పేరు మట్టిగొట్టుకుపోయిందనీ రాసి, డైరెక్టరుకి ఒకటి, కమిటీలో ప్రతి ఒక్కరికీ ఒకటి పంపించింది. పోస్టు డబ్బాలో వేశాక ఆ రాత్రి హాయిగా నిద్రపోయింది.

కమిటీ రోజున గంట ముందే మ్యూజియానికి వెళ్లింది. పట్టీలు అట్టముక్క మీద అతికించి చంకలో పెట్టుకుంది. తిన్నగా స్టోరుకే పోయింది. నాలుగు మాటలు మొహం మీద అనకపోతే ఆమెకి ఆ రోజు అన్నం సయించేలా లేదు.

స్టోరు మెట్లకింద గది. అరల నిండా అట్టలు, జిగురు డబ్బాలు, గాజు సీసాలు. రిటైర్మెంటుకి ఏడాదిన్నర ఉన్న స్టోరు కీపరు కింద కూర్చుని కాగితాల కట్టలు విప్పుతున్నాడు. చొక్కా నిండా దుమ్ము. ఆమెని చూసి లేచాడు. నమస్కారం పెట్టలేదు.

"చూడండి," అని అట్టముక్క బల్ల మీద పడేసింది. "మీరు కొన్న రంగు తొమ్మిది వారాలు కూడా నిలవలేదు. దీన్నా మీరు మ్యూజియానికి కొనేది? ఎర్రమూత కొంటున్నవాళ్లు మధ్యలో ఎందుకు మార్చారు? ఎవరిని అడిగి మార్చారు?"

ఆయన పట్టీల వంక చూడనుకూడా చూడలేదు. జేబులోంచి ఒక చీటీ తీసి, పట్టీల పక్కన పెట్టాడు.

"వారం రోజుల్నుంచి వెతుకుతున్నా. ఇవాళ పొద్దున దొరికింది. చదవండి మేడమ్."

స్టోరు నుంచి ఏం కావాలన్నా బొమ్మలు వేసేవాళ్లు రాసివ్వాల్సిన చీటీ అది. రాత గబగబా గీకినట్టుంది. అయినా ఎవరి రాతో ఆమెకి వేరే చెప్పక్కర్లేదు.

'గాంబోజ్ ట్యూబు ఒకటి. చాలా అర్జెంటు, పువ్వు రేపటికి వాడిపోతుంది. ఏ కంపెనీదైనా పర్వాలేదు.' కింద ఆమె సంతకం.

ఆమె రెండోసారి చదివింది. అప్పుడు గుర్తొచ్చింది. తీగకి ఏడాదిలో నాలుగు రోజులే పూసే పువ్వు. గాజు గ్లాసులో నిలబెడితే మధ్యాహ్నానికే రేకులు ముడుచుకుంటున్నాయి. పాత ట్యూబు చుట్టచుట్టి పిండినా ఇంక రాలేదు. చీటీ గీకి పంపితే గంటలో కొత్త ట్యూబు వచ్చింది. నల్లమూత అని చూసింది. పేరు చూసింది. తిప్పి వెనక చూడలేదు. పాతికేళ్లలో తిప్పి చూడనిది ఆ ఒక్క ట్యూబే అయుండాలి.

"ఎర్రమూత బజార్లో లేదు ఆ రోజు," అన్నాడాయన. "వారం ఆగాలన్నారు. మీరు అర్జెంటన్నారని మధ్యాహ్నం భోజనం మానేసి మూడు దుకాణాలు తిరిగి తెచ్చా. రంగులంటే నాకు తెలియదు, నిజమే. తెలిసినవాళ్లు పర్వాలేదని రాస్తే పర్వాలేదనుకున్నా. మా పక్కింట్లో ఉండే కమిటీ మెంబరొకాయన మీ ఉత్తరం తెచ్చి మా ఆవిడకి ఇచ్చి చదివించాడు. ముప్పైనాలుగేళ్లలో ఒక పెన్సిల్ ఇంటికి పట్టుకెళ్లలేదు నేను. కక్కుర్తంట!"

అంతలో ప్యూను వచ్చి స్టోరు ఆయన్ని లోపలికి రమ్మంటున్నారని చెప్పాడు. ఆయన చొక్కా దులుపుకుని వెళ్లిపోయాడు. చీటీ బల్ల మీదే ఉండిపోయింది. మరిచిపోయాడో, కావాలనే వదిలేశాడో ఆమెకి తెలియలేదు. ఏదైనా సరే, ఆ చీటీకి నకలు లేదు.

తీసుకుని వెంట నడిచింది. కమిటీ గది తలుపు సగం తెరిచే ఉంది. లోపల డైరెక్టరు ఆమె ఉత్తరమే చదువుతున్నాడు, మెల్లగా, మాటమాటా విడదీస్తూ. రాసేటప్పుడు ఎంత సూటిగా, ఎంత పదునుగా ఉన్నాయనుకుందో ఆ మాటలు! ఇప్పుడు వింటుంటే సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"కొన్నది మీరేనా?" అని ఎవరో అడిగారు.

"నేనే సార్." ఆయన చీటీ మాట ఎత్తనే లేదు.

ఆమె పిలవకుండానే లోపలికి దూసుకెళ్లింది. బల్ల మీద చీటీ పెట్టి, "ఈ ఉత్తరం అబద్ధం," అంది. గొంతు మామూలు కంటే పెద్దదైపోయింది. "ఏ కంపెనీదైనా పర్వాలేదని రాసిచ్చింది నేను. చూడకుండా పూసింది నేను."

బల్ల చుట్టూ చీటీ ఒక చేతి నుంచి ఇంకో చేతికి మారింది. డైరెక్టరు గొంతు సవరించుకున్నాడు. ఆయన మొహంలో ఇబ్బంది కంటే తొందరే ఎక్కువ కనిపించింది.

"చూడండీ, ఇది అంత పెద్ద విషయం కాదు. మీరు ఏదైనా పర్వాలేదని రాసినా, మంచిది కొనాల్సిన బాధ్యత స్టోరుదే కదా. ఆ మాట రాసుకుని ఇక్కడితో ముగిద్దాం. రెండో పుస్తకం మీ చేతే వేయించాలని మా అందరికీ ఉంది."

ఊఁ అంటే చాలు. ఎవరూ ఏమీ అనరు. స్టోరు ఆయన గోడవైపు చూస్తూ నిలబడ్డాడు. ఒక్క క్షణం, సరిగ్గా ఒక్క క్షణం, నలభై మొక్కలూ ఆమె కళ్ల ముందు కదిలాయి. ఆ క్షణం ఉన్నందుకే ఆమెకి తన మీద తనకి అసహ్యం వేసింది.

"ఏ బాధ్యత సార్ ఆయనది?" అని అరిచింది. "అది చెడ్డ రంగు కూడా కాదు. ప్రింటుకి వెళ్లి డ్రాయర్లో ఉండే బొమ్మకి దాన్ని మించింది లేదు. ఎండ పడే గోడకి పనికిరాదని తెలియాల్సింది నాకు. అది తెలిసినందుకే కదా నన్ను పెట్టుకున్నారు? ఆయన్ని బలిచేసి నాకు పని ఇస్తారా? నాకక్కర్లేదు!"

"తొందరపడుతున్నారు," అన్నాడు డైరెక్టరు, మొహం గంటుపెట్టుకుని. "తప్పు మీదని రాస్తే కమిటీ ఆ పని మీకివ్వలేదు."

"రాయండి."

రాశారు. ఆమె కళ్ల ముందే రాశారు. నలభై మొక్కలూ రెండు వాక్యాల్లో ఆమె చేతుల్లోంచి పోయాయి.

బయట వరండాలో ఆయన ముందు చేతులు జోడించింది. "క్షమించండి. నోటికొచ్చినట్టు రాశాను."

ఆయన కరగలేదు. "ఇక్కడ మీరు చెప్పారు, అయిపోయింది. మా ఆవిడ వీధిలో తల దించుకుని నడుస్తోంది మేడమ్. ఆవిడకి ఎవరు చెబుతారు?"

ఆమె ఆయన వెంటే వాళ్లింటికి వెళ్లింది. రెండు వీధుల అవతల, మూడో అంతస్తు. తలుపు తీసిన మనిషి సన్నగా, జుట్టు బిగించి ముడేసుకుని ఉంది. వచ్చింది ఎవరో భర్త చెప్పగానే ఆవిడ మొహం ఎర్రబడింది. గుమ్మానికి అడ్డంగా నిలబడింది, లోపలికి రమ్మనలేదు.

"తప్పు నాదేనమ్మా," అంది ఆమె. "మీవారు ఏ కక్కుర్తీ పడలేదు. నేనే..."

"నాకెందుకు చెబుతున్నారు?" అంది ఆవిడ. "ఆయన ఎలాంటివాడో నాకు తెలీదా? ముప్పై ఏళ్లు కాపురం చేశాను. నా చెవిలో చెబితే ఏం లాభం? అప్పుడు కాగితం మీద పెట్టి అందరికీ పంపారుగా. ఇప్పుడూ పంపండి. అంతే గట్టిగా రాయండి, మీ పేరు మీద."

లోపలికి వెళ్లి కాగితాలూ పెన్నూ తెచ్చి చేతిలో పెట్టింది. కుర్చీ వేయలేదు. ఆమె మెట్ల గోడకి కాగితం ఆనించి, నిలబడే రాయడం మొదలుపెట్టింది. 'కక్కుర్తి' దాకా వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఆమె భుజం మీదుగా ఆవిడ చదువుతూనే ఉంది.

"ఆ మాట కూడా రాయండి," అంది. "ఎవరి గురించి రాశారో వాళ్ల పేరుతో సహా."

ఆమె రాసింది.