మబ్బునీడకీ చెరువుకీ తేడా

కరెంటు రాగానే నీళ్ల మోటారు వేయాలి. బియ్యం కడిగి కుక్కర్లో పడేయాలి. ఇడ్లీపిండి రుబ్బాలి. బాబ్జీ చొక్కాలు ఇస్త్రీ చేయాలి. అత్తగారి ఆయాసం మిషను, ఇంటిల్లిపాది ఫోన్లు, దీపం బ్యాటరీ ఛార్జింగుకు పెట్టాలి. ఫ్రిజ్‌లో కరిగి వాసనేస్తున్న చేపలు ఏరి పారేయాలి. ఇవన్నీ అయ్యాక కరెంటు ఇంకా ఉంటే, భూమికి ఉత్తరపు కొసన గడ్డకట్టిన నేల కరిగి పుట్టిన చెరువుల్ని గుర్తుపట్టాలి.

ఈ ఆఖరి దాన్ని ఆ ఇంట్లో ఎవరూ పని అనరు. పజుండౌంగ్ సందులో పిల్లలు "మీ లా బీ!" అని అక్కడి భాషలో కేకలేసి కరెంటొచ్చిందని చాటగానే అత్త సింహాచలమ్మ గదిలోంచి అరుస్తుంది. "మోటారెయ్యే ముందు! నీ బురదగుంటలెక్కడికి పోతాయి, ఆటికేటి కాళ్లున్నాయా?"

కాళ్లు లేవు గానీ పాకుతున్నాయత్తా, అనాలనిపించేది పైడితల్లికి. బోటాటౌంగ్ రేవులో బస్తాలు మోసిన దండాసి కూతురామె. ఆ వంశంలో బీఎస్సీ చదివిన మొదటి మనిషి. ఏదో చలిదేశపు పరిశోధకులు ఉపగ్రహం తీసిన ఫొటోలు పంపుతారు. వాటిలో ప్రతి చెరువు చుట్టూ ఒక గీత గీయాలి. డబ్బు పడేది మొగుడు బాబ్జీ ఖాతాలో. కనక వాళ్ల లెక్కలో పని చేసే మనిషి పేరు కూడా బాబ్జీయే. "నా పేరైతేనేటి, నీ పేరైతేనేటి? మనం ఏరేరా?" అన్నాడతను మొదట్లో. అప్పుడా మాట ఆమెకు ప్రేమలాగే వినిపించింది.

గీతలు గీస్తూ గీస్తూ ఆమె ఆ నేల సంగతి చదివింది. అక్కడ చచ్చిన మొక్కలు వేల ఏళ్లుగా మంచులో కుళ్లకుండా ఉండిపోయాయి. నేల కరిగి కుంగితే నీరు నిలుస్తుంది, నీటి అడుగున అవి కుళ్లుతాయి, మీథేను బుడగలు బుడగలుగా పైకొస్తుంది. దాంతో గాలి ఇంకా వేడెక్కుతుంది, ఆ వేడికి ఇంకాస్త నేల కరుగుతుంది. ఒకసారి మొదలయ్యాక కొత్తగా ఎవరూ పాపం చేయక్కర్లేదు. పోయినేడు ఫొటోలో పొడిగా ఉన్నచోట ఈ ఏడు నీళ్లు కనబడితే ఆమె రెండు ఫొటోలూ పక్కపక్కన పెట్టి మళ్లీ చూసేది. తన గీతతో ఏదీ ఆగదని తెలుసు. ఆపలేనిదాన్ని ఉన్నదున్నట్టు చూడనైనా చూడాలి కదా అనుకునేది. తనదని చెప్పుకోవడానికి ఆమెకున్నదల్లా ఆ చూపే.

ఇంత బాగా గుర్తుపట్టే మనిషితో మాట్లాడాలని ఉందని, నచ్చితే తమ బృందంలోకే తీసుకుంటామని, పరిశోధకుల పెద్ద కబురు పెట్టింది. ఆవిడా ఆడమనిషే. బాబ్జీ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని కెమెరా ముందు కూర్చున్నాడు. పైడితల్లిని బల్ల పక్కన నేలమీద కూర్చోబెట్టాడు. "నువ్వు సెప్తుండు, నాను ఇంగ్లీషులో అంతాను. నిన్ను సూస్తే పేరు తేడా అని మొత్తానికే తీసేస్తారు."

"మబ్బునీడకీ చెరువుకీ తేడా ఎలా పోల్చుకుంటారు?" అని ఆవిడ అడిగింది.

"నీడ ఇంకో రోజు ఫొటోలో ఉండదు, చెరువుంటుంది," అని కిందనుంచి గుసగుసలాడింది పైడితల్లి. పైనుంచి బాబ్జీ అదే అన్నాడు. మీ కళ్లు గొప్పవని ఆవిడ మెచ్చుకుని ఉద్యోగం ఖాయం చేసింది.

"నా కొడుకు కళ్లకి దిష్టి తగిలిపోద్ది. మిరపకాయలట్రాయే!" అంది సింహాచలమ్మ. పైడితల్లే తెచ్చిచ్చింది.

మర్నాడు లాప్‌టాప్ అతని ముందుకు తోసింది. "నీ పేరున్న పని నువ్వే చేసుకో."

"గీతలు గియ్యడానికి బీఎస్సీ కావాలేటి?" అని అతను నవ్వి కూర్చున్నాడు.

ఉల్లిపాయలు తరుగుతూ, గుడ్డలు పిండుతూ ఆమె ఎదురుచూసింది. తప్పులు బయటపడతాయి, ఇన్నాళ్లూ చూసిన కళ్లు ఎవరివని అడుగుతారు, అప్పుడు చెబుతుంది. ఎవరూ అడగలేదు. ఒక మధ్యాహ్నం బల్ల తుడుస్తూ తెర చూసింది. మబ్బునీడలన్నింటి చుట్టూ గీతలు. పక్కనే నిజం చెరువులు వదిలేసి ఉన్నాయి. "ధన్యవాదాలు బాబ్జీ, వారం చివర్న ఇవన్నీ లెక్కలోకి ఎక్కిస్తున్నాం," అని ఆవిడ రాసిన మాట కింద ఉంది. ఇక సరిచూడక్కర్లేదని అక్కడివాళ్లు నమ్మేశారు. ఆ నమ్మకం సంపాదించింది తనే.

ఆవిడకు నిజం రాసేస్తే? ఒకరి పేరున ఇంకొకరు చేసిన పని చెల్లదని వాళ్ల షరతు. ఇన్నాళ్ల గీతలూ కొట్టేస్తారు, తను చూసిన చెరువులు ఎవరూ చూడనివైపోతాయి. ఊరుకుంటేనో, లేని చెరువులు లెక్కకెక్కుతాయి.

పైడితల్లి కుర్చీ లాక్కుని కూర్చుంది. ఒక్కొక్క నీడా చెరపడం మొదలుపెట్టింది.

బాబ్జీ వెనకొచ్చి నిలబడ్డాడు. "సూసేవా? తప్పుంటే నువ్వు ఊరుకోలేవు. నీ సంగతి నాకు తెల్దేటి?"

తెలుసు. ఆమె నిజాయితీ ఎంతటిదో ఆ ఇంట్లో అతనొక్కడికే తెలుసు. దాన్ని నమ్ముకునే అతను నిశ్చింతగా ఉన్నాడు. ఆమె తరవాతి ఫొటో తెరిచింది.

ఉత్తరాన ఇన్ని కొత్త చెరువులు పుట్టాయని ఎప్పుడైనా ఎక్కడైనా చదివితే, కింద ఎవరి పేరున్నా సరే, పైడితల్లి అనే మనిషిని ఒక్కసారి తలుచుకోండి.