స్క్రూడ్రైవరుకు రాసిన నూనె

“పైకి పోయినంక అది చెడిపోతే ఎవురు పోయి బాగుచేస్తారే?” అంది ఎలీషబా.

సెలవుకు ఇంటికి వచ్చిన కూతురు కృపావరం అన్నం కలుపుతూ నవ్వింది. “ఎవురూ పోలేరమ్మా. అందుకే కిందున్నప్పుడే బాగా చేయాల.”

“చెయ్యి వణికితే?”

“నువ్వు పక్కనుంటే వణుకుతాది.”

కృపావరం బెంగళూరులో ఒక కంపెనీలో ఉపగ్రహాలకు మైక్రోవేవ్ ఫిల్టర్లు తయారుచేస్తుంది. వేలెడంత లోహపు పెట్టె, లోపల వెండి పూత. ఫోను మాటలూ టీవీ బొమ్మలూ దాంట్లోంచే పోవాలి. పెట్టె మీదున్న సన్నని స్క్రూలను వెంట్రుకవాసి తిప్పుతూ, తెర మీద గీత సరైన చోటికి వచ్చేదాకా కనిపెట్టి చూడాలి. అంత పొట్టి తరంగాలకు వెంట్రుకవాసి తేడా కూడా పెద్దదేనట. ఏడో తరగతితో చదువు మాని, మార్కాపురం షెడ్డులో ఇరవై ఏళ్లు పలకలకు చట్రాలు బిగించిన ఎలీషబాకు అందులో సగమే అర్థమైంది. కొంచెం ఎక్కువ బిగిస్తే పలక ఎట్లా పగులుతుందో మాత్రం బాగా తెలుసు. ఆ సగమే ఆమెను కుదురుగా ఉండనివ్వలేదు.

మర్నాడు బిడ్డ స్నానానికి పోయినప్పుడు సంచి సర్దబోతే, ఆ పనికి వాడే చిన్న స్క్రూడ్రైవరు కనబడింది. పొరపాటున సంచిలో పడి వచ్చినట్టుంది. ఎలీషబా గూట్లోంచి ప్రార్థన నూనె సీసా తీసింది. తర్లుపాడు చర్చిలో పాస్టరుగారు ప్రార్థించి ఇచ్చిన కొబ్బరినూనె అది. పరీక్షకు పోయే బిడ్డ నొసటికీ, మరిది కొన్న కొత్త ఆటోకీ, మేత ముట్టని మేకకూ అన్నిటికీ అదే.

“ప్రభువా, నా బిడ్డ చెయ్యి జారనీయబాకు” అంటూ స్క్రూడ్రైవరు కొసదాకా రాసి మళ్లీ సంచిలో పెట్టింది.

నాలుగు నెలలకు కృపావరం చెప్పాపెట్టకుండా ఇంటికి వచ్చింది. రెండు రోజులు మంచం దిగలేదు. తల్లి అడగ్గా అడగ్గా చెప్పింది.

“నేను చేసిన ఫిల్టరును గాలి తీసేసిన పెట్టెలో పెట్టి ఫుల్ పవరిచ్చినారు. లోపల నిప్పురవ్వ లేచి పూత మాడిపోయింది. విప్పితే స్క్రూ కాడ నూనె జిడ్డు. దాంట్లోకి పిసరంత నూనె కూడా పోకూడదమ్మా. నా చేతిపనే కదా, నన్ను ల్యాబ్ నుంచి తీసేసి కాగితాల పనికి వేసినారు. ఇంక ఆ ఫిల్టర్లు వేరేవాళ్ల దగ్గర కొంటారంట. మూడేండ్ల పని పోయింది.”

ఎలీషబా ఆ రోజంతా గూటి వైపు చూడలేదు.

మూడో రోజు తిరుగు ప్రయాణం. మార్కాపురం బస్సు కోసం ఇద్దరూ రోడ్డు మీద నిలబడ్డారు. అప్పుడు చెప్పింది ఎలీషబా.

“కృపా, ఆ నూనె నాదేనే. నీ సంచిలో ఉండే స్క్రూడ్రైవరుకు నేనే రాసినాను. మీ సార్లకు చెప్పు. కావాలంటే నేనొచ్చి చెప్తా, నీ తప్పు కాదని.”

కృపావరం బస్సు వచ్చే వైపే చూస్తూ ఉంది. పలకల కట్టలేసుకుని ఒక ఆటో పోయింది. దాని దుమ్ము అణిగింది. ఎవరో ముసలాయన వచ్చి బస్సు పోయిందా అని అడిగి, పక్కకు పోయి కూర్చున్నాడు.

“తిట్టన్నా తిట్టవే.”

దూరంగా బస్సు హారన్ వినబడింది. కృపావరం సంచి భుజాన వేసుకుంది. తల్లి వైపు చూడకుండానే అంది.

“వాడేముందు ప్రతిదీ స్పిరిట్‌తో తుడవాలమ్మా. అది నా పని. ఆ పొద్దు స్క్రూడ్రైవరు తీయంగానే వాసనొచ్చింది, నువ్వు రాసినావని తెలిసింది. చెయ్యి వణుకుతాదేమోనని నాకూ శానా భయంగా ఉండె. తుడవబుద్ధి కాలేదు.”