కొలతకు వచ్చిన ముక్కు

మట్టితో మొహం చేయడంలో మన మేస్త్రిని కొట్టేవాడు లేడు. పోలీసులకు దొరికిన, ఎవరిదో తెలియని పుర్రె చేతికిస్తే చాలు, ఇప్పుడో ఇంకాసేపట్లోనో తుమ్మేట్టుండే ముక్కు పెడతాడు. ఇంతవరకు ఒక్కటీ గురి తప్పలేదు.

సరే, ఈ వయసులో అబద్ధమెందుకు. చేసినవి నాలుగు, నాలుగూ తప్పే. పేపర్లో ఫొటోలు వేసినా, మావాడేనంటూ ఏ ఇంటివాళ్లూ రాలేదు. ఎలా వస్తారు? నాలుగింటికీ ముక్కు ఒకటే. తొమ్మిదేళ్ల కిందట గడప దాటి తిరిగిరాని మేస్త్రి తమ్ముడి ముక్కు. పుర్రెలో ముక్కున్న చోట ఉత్త కన్నమే మిగులుతుంది. ఆ ఖాళీ కనబడగానే ఆయన చెయ్యి తనకు తెలిసిన ముక్కునే పెట్టేసేది.

ఐదో పుర్రెతో పాటు శవపరీక్షలు చేసే డాక్టరమ్మ ఒక కాగితం కూడా తెచ్చింది. ఆసుపత్రిలో స్కాన్ తీయించుకున్న మూడు వందల మంది తలల్లో, ఎముక కన్నాన్ని బట్టి ముక్కు కొన ఎక్కడుంటుందో కట్టిన లెక్క అది.

"ఈసారి చెయ్యి మాట వినకండి మేస్త్రీ. కొలత మాట వినండి. మీ తమ్ముడికి కాస్త సెలవివ్వండి."

"ఇచ్చాలెండి."

మూడు రోజులు స్కేలు వదల్లేదు. కన్నం వెడల్పెంత, దాని అడుగున ముల్లులాంటి ఎముక ఎటు చూస్తోంది, అన్నీ కాగితం చెప్పినట్టే. నాలుగో రోజు డాక్టరమ్మ వచ్చి చూసి నెత్తి కొట్టుకుంది.

"మళ్లీ మీ తమ్ముడేనా!"

మేస్త్రి స్కేలు చాపాడు. "కొలవండి."

కొలిచింది. మళ్లీ కొలిచింది. మూడోసారీ కాగితంలోని లెక్కే వచ్చింది.

"పోలిక సాక్ష్యం కాదు. తమ్ముడు ఎప్పుడైనా తలకు స్కాన్ తీయించుకున్నాడా?"

"ముక్కు దిబ్బడకి, ఒకసారి."

పాత స్కాన్ దొరికింది. నుదుటి ఎముక లోపలి గాలి గదుల అంచులు, పుర్రెకు తీసిన స్కాన్‌తో గీతకు గీత కలిశాయి. మేస్త్రి తల ఊపాడు, ఎవరో టైమెంతో చెప్పినట్టు.

తమ్ముడి భార్య వచ్చింది. బొమ్మ ముందు చాలాసేపు నిలబడింది.

"మీసం ఏది బావగారూ?"

"మీసం సంగతి ఎముక చెప్పదమ్మా."

ఆమె వెళ్లాక మేస్త్రి చేతులు కడుక్కున్నాడు. మిగిలిన మట్టి ఎండిపోకుండా తడిగుడ్డ కప్పాడు. ఆరో పుర్రె ఎప్పుడొస్తుందని డాక్టరమ్మనడిగాడు.

ఇందులో నేను కల్పించింది ఆ మీసం ఒక్కటే. ఆమె ఏమీ అడగలేదు, ఆయనేమీ చెప్పలేదు. అంత నిశ్శబ్దం రాయడం నాకు చేతకాక, ఇద్దరి చేతా చెరో మాట అనిపించాను.