జానెడు ఖాళీ

పప్పుచారు వడ్డిస్తూ అరుణజ్యోతి భర్త ఎడమచేతి చూపుడు వేలి వంక చూసింది. రెండు బొబ్బలున్నాయి. ఒకటి ఎండిపోయింది, ఇంకొకటి ఆ రోజుదే. ఇరవై ఏళ్లుగా టంకం పనిలో ఉన్న మనిషి వేలు కాల్చుకున్నాడంటే కంటికి ఆనలేదనే అర్థం. పెరుగు వేసి, అరటిపండు పక్కన పెట్టింది.

దుర్గారావు కువైట్ దేశంలో మిర్కాబ్‌లోని ఒక ఫోన్ల రిపేరు కొట్టులో లోపలి బల్ల మీద పనిచేస్తాడు. ఫోను బోర్డు మీద ఉప్పురవ్వంత ముక్కలుంటాయి. వాటిని ఊడదీసి కొత్తవి అతికించడం అతని పని. నలభై ఆరో ఏట చత్వారం వచ్చింది. రెండు నెలల్లో మూడు బోర్డులు తిరిగొచ్చాయి. కొట్టు యజమాని అబ్దుల్ హమీద్ కడప మనిషి, చెడ్డవాడు కాదు. ఆదివారం దాకా చూద్దామని, కుదరకపోతే ముందు కౌంటర్లో కూర్చుని అద్దాలు అతికించమని, లోపలి బల్లకు ఇంకొకర్ని పెట్టుకుంటానని నెమ్మదిగానే చెప్పాడు. జీతం తగ్గించనని కూడా అన్నాడు. ఆ మాట వచ్చి చెప్పినప్పుడు దుర్గారావు గొంతు మామూలుగానే ఉంది. కానీ ఆ రోజు పడుకునే ముందు తన పనిముట్ల పెట్టె తీసి, ఒక్కొక్కటీ తుడిచి, మళ్లీ లోపల సర్దాడు. అరుణజ్యోతి అది చూసింది.

నిజానికి మూడు వారాల కిందటే ఆమె ఒక ఉపాయం చేసింది. కాకినాడలో బియస్సీ జువాలజీ చదివింది కనుక మైక్రోస్కోపు సంగతి తనకు తెలుసనుకుంది. ఇక్కడ ఎగైలాలో ఒక టీచరమ్మ ఊరికి వెళ్లిపోతూ సామాను ఇచ్చేస్తుంటే, వెయ్యి రెట్లు పెద్దదిగా చూపించే మైక్రోస్కోపు తెచ్చింది. దానికి ముదురు నీలం వెల్వెట్టుతో గలీబు కుట్టి, భర్తకు ఇచ్చింది. ఆయన రెండు చేతులతో అందుకుని, "ఇంకేం కావాలి జ్యోతీ, ఇక నా కళ్లు నా దగ్గరే ఉన్నట్టు," అన్నాడు. తర్వాత ఎప్పుడడిగినా బాగుందనే చెప్పాడు.

గురువారం పొద్దున్నే పులిహోర కలిపి డబ్బాలో పెట్టుకుని, తాముండే ఫహాహీల్‌లో బస్సెక్కి మిర్కాబ్ వెళ్లింది. అబ్దుల్ హమీద్ ఎదురొచ్చి కుర్చీ వేశాడు. లోపల దుర్గారావు ఒక కన్ను మూసుకుని, చేతి అద్దంతో బోర్డు మీదికి వంగి ఉన్నాడు. మైక్రోస్కోపు బల్ల చివర ఉంది, గలీబు తొడిగే ఉంది. సోమవారం దుమ్ము తుఫాను వచ్చింది. ఆ ఎర్రటి దుమ్ము వెల్వెట్టు మీద పొరలా పేరుకుని, ఒక్క వేలి గుర్తయినా లేకుండా అలాగే ఉంది.

ఆమె నింపాదిగా అడిగింది. "ఏవండీ, ఇది పనికిరాలేదా?"

దుర్గారావు తల దించుకున్నాడు. "పనికిరాక కాదే. నేను కుడికి జరిపితే అందులో ఎడమకెళ్తది. దీపమేమో కిందనుంచి. బోర్డేమో అట్టముక్క లాంటిది, వెలుగు దాంట్లోంచి ఎలా వస్తది? టంకం ఐరన్ పెడదామంటే అద్దానికీ బోర్డుకీ మధ్య చోటే లేదు."

"మరి చెప్పొచ్చుగా."

"గలీబు కూడా కుట్టి తెచ్చావు. నాకోసం ఇంత ఆలోచించి ఎవరు తెచ్చారు చెప్పు? ఎలా చెప్పమంటావు?"

అరుణజ్యోతికి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ తిరిగాయి. కాలేజీలో మొదటి ప్రాక్టికల్ నాడే మేడం కాగితం మీద ఒక అక్షరం పెట్టి, మైక్రోస్కోపులో అది తలకిందులుగా కనిపించడం చూపించింది. దాన్ని బొమ్మ గీసి రికార్డులో రాసింది కూడా. పదికి పది మార్కులు తెచ్చుకున్న పాఠాన్నే మరిచిపోయి, వెయ్యి అంకె చూసి మురిసిపోయింది. ఆ మాటే భర్తతో చెప్పి, తప్పు తనదేనని ఒప్పుకుంది. తర్వాత అబ్దుల్ హమీద్ దగ్గరికి వెళ్లి, సరైన వస్తువు తామే చూసుకుంటామని, ఆదివారం పని చూసి మాట్లాడమని అడిగింది. పని నిలబడితే దాని ఖర్చు కొట్టుదేనని అతను పులిహోర తింటూ మాటిచ్చాడు.

శనివారం ఇద్దరూ కువైట్ సిటీలో పనిముట్లమ్మే అల్లాబకష్ కొట్టుకు వెళ్లారు. ఆయనది రాయచోటి. యాభై దాటిన మనిషి, తనూ రిపేర్లు చేస్తాడు. వెయ్యి రెట్ల కథ విని పెద్దగా నవ్వాడు.

"పెద్ద నంబరు చూసి మోసపోయేటోళ్లే ఎక్కువక్కా. ఫోన్ బోర్డుకు పది పదిహేను రెట్లుంటే సాలు. అద్దం కింద సెయ్యి దూరుతాదా లేదా, అది సూసుకోవాల ముందు."

అరుణజ్యోతి సంచీలోంచి సూదీ, నల్లదారం ఉండా తీసి బల్ల మీద పెట్టింది. దుర్గారావు సిగ్గుపడి, ఇవెందుకని గొణిగాడు. మీరు సూదిలో దారం ఎక్కించండి, ఏది మంచిదో అదే చెబుతుందని ఆమె అంది.

మొదట తెర మీద చూపించేది పెట్టాడు అల్లాబకష్. సూది బెజ్జం ద్వారబంధమంత కనిపించింది. కానీ చెయ్యి కదిలిన రవ్వంత సేపటికి గానీ తెర మీద దారం కదలడం లేదు. దారం సూదికి ముందుందో వెనకుందో తెలియడం లేదు. నాలుగుసార్లు తప్పింది. రెండోది రెండు కళ్లతో చూసే స్టీరియో మైక్రోస్కోపు. అందులో కుడి కుడిగానే, ఎడమ ఎడమగానే ఉంది. లోతు కూడా తెలిసింది. దారం రెండోసారికి ఎక్కింది. దుర్గారావు ముఖం వెలిగింది. ఇదే ఇచ్చెయ్యండన్నాడు.

అరుణజ్యోతి ఆగమంది. చల్లగా ఉన్న ఐరన్ ఒకటి అడిగి, భర్త చేతికిచ్చింది. అద్దానికీ బల్లకీ మధ్య ఖాళీ బెత్తెడే ఉంది. ఐరన్ నిలబెట్టగానే పిడి వెళ్లి అద్దానికి తగిలింది. కళ్లజోడు పెట్టుకుని చూడమంది. అంచులు కనిపించడం లేదన్నాడు.

అల్లాబకష్ ఆమె వంక కొత్తగా చూశాడు. కళ్ల దగ్గరి గొట్టాలు మార్చి, జోడుతోనే చూడగలిగేవి బిగించాడు. తర్వాత లోపలికి వెళ్లి, గుండ్రటి అద్దమొకటి తెచ్చి మైక్రోస్కోపు అడుగున మరతిప్పాడు. బొమ్మ సగానికి చిన్నదవుతుంది గానీ ఖాళీ పెరుగుతుందన్నాడు. మైక్రోస్కోపును పైకి జరిపి సరిచేశాక అరుణజ్యోతి బొటనవేలూ చిటికెనవేలూ చాచి కొలిచింది. సరిగ్గా ఆమె చేతి జానెడు. ఈసారి ఐరన్ దేనికీ తగల్లేదు. సూదిలో దారం మొదటిసారికే ఎక్కింది. చుట్టూ ఉన్న దీపం వెలుగు తగ్గించుకోవచ్చా, టంకం పొగ అద్దానికి పట్టకుండా ఏముందని ఆమె ఇంకా రెండు ప్రశ్నలు వేసింది. రెంటికీ జవాబు దొరికింది.

తీరా కట్టించుకునేటప్పుడు తెలిసింది, ఆ అడుగు అద్దం అమ్మకానిది కాదు. కొట్టులో అయిపోతే అల్లాబకష్ తన బల్ల మీది మైక్రోస్కోపు నుంచి ఊడదీసి తెచ్చాడు.

"మరి మీ పనెట్టా అన్నా?" అంది అరుణజ్యోతి.

"నా పని ఆగితే మళ్లా వారం జేసుకుంటా. మీకు ఆదివారమే గదా. సరుకొచ్చినాక తెచ్చిచ్చి పోండి." ఆగి, దుర్గారావు భుజం తట్టాడు. "సూదీ దారం సంకన బెట్టుకోని మిషను కొనేకి వచ్చినోళ్లను నేను ఇదే సూడ్డమప్పా. మీ ఇంటామె ఉంటే నీకు ఈ మిషనెందుకు?"

దుర్గారావు ఆయన చెయ్యి పట్టుకున్నాడు. అరుణజ్యోతి దారంతో ఉన్న సూదిని చీర కుచ్చిళ్లకు గుచ్చుకుని, రెండు చేతులూ జోడించింది.

ఆదివారం రెండు కొట్లవాళ్లు కాదన్న ఫోను ఒకటి బల్ల మీదికొచ్చింది. అన్నమయ్య జిల్లా నుంచి వచ్చి ఇంటిపని చేసుకునే రెడ్డెమ్మది. వాళ్ల మామా, అంటే ఇంటి యజమానురాలు, ఆ పూటకే బయటికి పంపిందట, సాయంత్రానికి తిరిగి వెళ్లిపోవాలి. అరుణజ్యోతి ఇంట్లో బెండకాయలు తరుగుతూ ఫోను వంక చూస్తూనే ఉంది. మూడున్నరకు మోగింది.

దుర్గారావే. ముక్క అతికిందని, ఫోను వెలిగిందని, రెడ్డెమ్మ కొట్టు మధ్యలో నిలబడే ఇంటికి ఫోన్ చేసి పిల్లతో మాట్లాడిందని చెప్పాడు. అబ్దుల్ హమీద్ తనే వంగి మైక్రోస్కోపులో టంకం చూశాడట. వెళ్లి, లోపలి బల్లకు కొత్త మనిషి కోసం అంటించిన కాగితం తలుపు మీంచి చింపేశాడట.

"అల్లాబకష్ అన్నకు చెప్పారా?" అంది ఆమె.

"ముందు నీకు చెబుదామని."

ఫోను పెట్టేశాక అరుణజ్యోతి నిన్నటి చీర మడతలోంచి సూది తీసింది. ఆయన ఎక్కించిన దారం అలాగే ఉంది. తలుపు వెనక తగిలించిన దుర్గారావు చొక్కాకు రెండో గుండీ వారంగా ఊగుతోంది. కిటికీ దగ్గర కూర్చుని, ఆ దారంతోనే గట్టిగా నాలుగు కుట్లు వేసింది.