నీళ్లతో మాత్రమే

ఉదయకిరణ్ ఫ్రాన్స్ పోయొచ్చి రెండు నెలలు దాటినా ఆ ముచ్చట ఫ్యాక్టరీలో ఇంకా చల్లారలేదు. సౌదీలోని హుఫూఫ్ ఊరి చివర, ఖర్జూర తోటలు అయిపోయి ఇసుక మొదలయ్యే చోట ఉంది ఆ ఫ్యాక్టరీ. ఖర్జూరాలను ఉడికించి, పిండి, నల్లటి పాకం తీసి సీసాల్లో నింపుతారు. దాన్ని అక్కడ దిబ్స్ అంటారు. పాత మిషన్ రోజుకో రోగంతో మూలుగుతుంటే యజమానులు విసుగెత్తి ఫ్రాన్సులో కొత్తది చేయించారు. దాన్ని చూసి, నడిపించి, బాగుందని సంతకం పెట్టి రమ్మని క్వాలిటీ ఇంజనీరు ఉదయకిరణ్‌ను పంపారు.

అతని కంటే పెద్దవాళ్లు, అరబ్బీ వచ్చినవాళ్లు నలుగురున్నారు. అయినా మేనేజర్ ఇతన్నే పంపాడు. కారణం అందరికీ తెలుసు. ఉదయకిరణ్ చూడనిది చూశానని రాయడు. ఒక మూత వదులుగా ఉందని మూడు వేల సీసాలు వెనక్కి తిప్పించిన మనిషి. ఆర్మూరు దగ్గరి పల్లెలో బీడీలు చుట్టే ఇంట్లో పుట్టి, ఆ ఇంట్లో మొట్టమొదట డిగ్రీ చదివినవాడు. కాగితం మీద సంతకమంటే అతనికి మొదటినుంచీ భయమూ ఉంది, భక్తీ ఉంది.

మిషన్ దమ్మామ్ రేవులో దిగి, లారీ ఎక్కి వచ్చి, బిగించడం కూడా అయిపోయింది. ఆదివారం మొదలుపెట్టాలి. రంజాన్ మూడు వారాల్లోకి వచ్చింది. ఉపవాసం విడిచే వేళకి ప్రతి ఇంట్లోనూ దిబ్స్ ఉంటుంది గనుక ఏడాది మొత్తం మీద గిరాకీ అంతా ఆ నెలదే.

గురువారం పొద్దున ఒక నోజిల్ కారుతోందని మెకానిక్ ఖాదర్ మొహిద్దీన్ దాన్ని విప్పాడు. కడప మనిషి. హుఫూఫ్‌కు వచ్చి పంతొమ్మిదేళ్లయింది. ఉదయకిరణ్ పక్కనే నిలబడి లెక్క రాసుకుంటున్నాడు. ఖాదర్ లోపలి గాస్కెట్‌ను వేలితో తీసి వెలుతురుకు పట్టాడు.

"ఏం నాయనా, ఇవి తెల్లగా ఉండాల కదా. ఈ గులాబీ రంగు ఎట్లొచ్చె?"

ఉదయకిరణ్ చూశాడు. ఉంగరమంత రబ్బరు. లోపలి అంచు పొడుగునా పలచటి గులాబీ రంగు ఇంకిపోయి ఉంది.

"తుప్పనుకుందామంటే స్టీలాయె," అన్నాడు ఖాదర్. "వాళ్లే ఈ రంగుది వేసినారేమోలే. నువ్వు చూసుంటావు గదా. నువ్వు చూసినాక మళ్లా నేను చూసేదేముంది."

దాన్ని ఉదయకిరణ్ చేతిలో పెట్టి, మధ్యాహ్నం అజాన్ వినిపిస్తే నమాజుకు పోయాడు. మిగతా వాళ్లూ పోయారు. షెడ్డు నిశ్శబ్దమైంది.

ఖాదర్‌కు ఆ రంగు ఏమిటో తెలిసే దారి లేదు. అరవై ఏళ్లకు దగ్గర పడ్డా ఆయన ద్రాక్షసారా వాసన చూసిన మనిషి కాదు. ఉదయకిరణ్‌కు మాత్రం చూసిన క్షణంలోనే తెలిసింది. తెలిసినా గుండె ఝల్లుమనలేదు. రెండు నెలలుగా అతనికి ఏదీ ఝల్లుమనడం లేదు. కాలికి తిమ్మిరెక్కినప్పుడు గిల్లితే ఎవరి కాలినో గిల్లినట్టుంటుంది చూడండి, అట్లా ఉంది అతని బతుకు.

బోర్డో అనే పట్నం అది. నవంబరు చివరి వారం. దిగిన రోజు చలి, సన్నటి తుంపర. పట్నం మధ్యలోంచి పోయే నది కొత్తనీరు వచ్చిన గోదావరిలా మట్టి రంగులో ఉంది. మిషన్ చేసే కంపెనీ పట్నానికి గంట దూరంలో, ద్రాక్షతోటల నడుమ ఉంది. మరునాడు కంపెనీ ఇంజనీరు లూసియెన్ అనే నడివయసాయన కారులో తీసుకుపోయాడు. దారి పొడుగునా తోటలే. నడుమెత్తు మొక్కలు, ముసలి చేతి వేళ్లలా మెలి తిరిగి, తీగలకు కట్టి, పాపిట తీసినట్టు వరసలు. కోత ఎప్పుడో అయిపోయింది. ఆకులు ఎర్రబడి రాలుతున్నాయి. ప్రతి వరస చివర ఒక గులాబీ మొక్క ఉంది. ఎందుకని అడిగితే, తెగులు వస్తే ముందు గులాబీకి వస్తుంది, దాన్ని చూసి తోటను కాపాడుకుంటామని లూసియెన్ చెప్పాడు. ఉదయకిరణ్‌కు ఆ సంగతి నచ్చి నోట్‌బుక్కులో రాసుకున్నాడు. అప్పటికి ఇంకా ఫోను రాలేదు.

కంపెనీ షెడ్డులో చోటు చాలక మిషన్‌ను పక్కనే ఉన్న ఒక తోట యజమాని సీసాల కొట్టంలో పెట్టి నడిపించారు. పొద్దున అంతా నీళ్లతోనే. ఇరవై నాలుగు నోజిళ్లు చుక్క కారకుండా నింపాయి. ఉదయకిరణ్ ఒక్కో సీసాను తూకం వేశాడు. చేతిలో అరవై రెండు వరుసల జాబితా ఉంది. అందులో నలభై ఒకటోది: ట్రయల్ నీళ్లతో మాత్రమే జరిగింది, మద్యం ఏ భాగానికీ తగల్లేదు.

ఒంటిగంటకు భోజనాల బల్ల దగ్గర ఉండగా బావ స్వామి ఫోన్ చేశాడు. అక్క గంగమణి ఇంటి ముందర బీడీల చాటతోనే కూలబడిపోయిందట. నిజామాబాదు ఆసుపత్రికి తీసుకుపోయేలోపే పోయింది. ఉదయకిరణ్‌కు రెండో ఏట తల్లి పోతే, పదమూడేళ్ల గంగమణే ఎత్తుకు పెంచింది. రోజుకు వెయ్యి బీడీలు చుట్టి చదివించింది. ఇంజనీరింగ్ కాలేజీలో చేర్చే రోజు చెప్పులు లేకుండా వచ్చి గేటు బయటే నిలబడింది.

స్వామి ఏడవడం లేదు. అలిసిపోయిన గొంతుతో ఒకటే అడిగాడు. "పొద్దుగాల్నే ఎత్తుతం. అందుకుంటవా?"

ఉదయకిరణ్ లెక్క వేశాడు. ఇక్కడినుంచి పారిస్, అక్కడినుంచి హైదరాబాద్, మళ్లీ ఆర్మూరు. ఎంత ఉరికినా రేపు రాత్రి దాకా కాదు. సంతకం పడకపోతే మిషన్ ఓడ ఎక్కదు, రంజాన్‌కు అందదు.

"అందుకోను బావా. మీరు కానియ్యుండ్రి."

"వీడియో పెట్టమంటవా?"

"వద్దు."

ఫోను జేబులో పెట్టుకుని, ప్లేటులో మిగిలింది తిన్నాడు. ఎవరికీ చెప్పలేదు. దాచాలని కాదు, ఇంగ్లీషులో ఆ వాక్యం ఎట్లా మొదలుపెట్టాలో తోచలేదు. మళ్లీ కొట్టంలోకి వెళ్లేసరికి తోట యజమాని, నీళ్లతో నడిచింది సరే, మా సరుకుతో ఎట్లా నడుస్తుందో చూద్దామని, ద్రాక్షసారా పీపా గొట్టం తెచ్చి మిషన్‌కు తగిలిస్తున్నాడు. అతిథికి మర్యాద చేస్తున్నాననుకున్నాడు పాపం. సీసాలు ఎర్రగా నిండుతూ కళ్ల ముందు నుంచి పోయాయి. నలభై యాభై ఉంటాయి. ఉదయకిరణ్ నిలబడి చూశాడు. ఒక సీసా చేతిలో పెడితే థాంక్యూ అన్నాడు.

సాయంత్రం లూసియెన్ అతన్ని పట్నంలో తిప్పాడు. ట్రాము ఎక్కించాడు. నది ఒడ్డున పెద్ద పెద్ద రాతి భవనాల ఎదుట, రెండు వేళ్ల మందాన నీళ్లు నిలబెట్టి అద్దంలా చేసే చోటు ఒకటుందని తీసుకుపోయాడు. చలికాలమని నీళ్లు ఆపేశారు. నల్లటి బండ మాత్రమే ఉంది. అక్కడ ఫోటో తీస్తానంటే ఉదయకిరణ్ నవ్వాడు. ఆ ఫోటోనే ఇప్పటికీ ఖాదర్ ఫోనులో ఉంది. క్యాంటీనులో కొత్తవాడెవడు కనబడినా, మా నాయన ఫ్రాన్సులో ఎట్లా నవ్వుతుండాడో చూడమని చూపిస్తుంటాడు.

హోటలుకు వచ్చి, సీసా బల్ల మీద పెట్టి, జాబితా తీసి అరవై రెండు టిక్కులూ పెట్టాడు. ఒక్క వరుసా చదవలేదు. కింద సంతకం మాత్రం ఎప్పటిలాగే అందంగా పడింది. మరునాడు సీసాను ఆ బల్ల మీదే వదిలి విమానం ఎక్కాడు.

ఇప్పుడు చేతిలో గాస్కెట్ ఉంది. నమాజు అయ్యి జనం రావడానికి ఇరవై నిమిషాలు పడుతుంది.

అతనికి మొట్టమొదట తోచింది పరిష్కారం. స్పేర్ పెట్టెలో ఇరవై నాలుగు కొత్త గాస్కెట్లున్నాయి. కారుతున్నాయని చెప్పి సాయంత్రంలోగా అన్నీ మార్పిస్తాడు. గొట్టాలు మార్పిస్తాడు. వేడినీళ్లతో, సోడాతో రెండుసార్లు కడిగిస్తాడు. ల్యాబులో పెట్టినా ఏమీ దొరకదు. ఆదివారం మిషన్ నడుస్తుంది. సీసా మీద హలాల్ ముద్ర పడుతుంది. ఎవరికీ ఏ నష్టమూ లేదు. చెబితే మాత్రం నలభై ఒకటో వరుస అబద్ధమవుతుంది, దాని కింద పేరు తనది. సంతకం తప్పని తేలిన క్వాలిటీ ఇంజనీరును ఎవరు ఉంచుకుంటారు? అక్కడ ఉండనిచ్చే ఇకామా కార్డు చింపి, ఎగ్జిట్ ముద్ర కొట్టి పంపిస్తారు.

పెట్టె దగ్గరికి పోయి మూత తీశాడు. కొత్త గాస్కెట్లు తెల్లగా, ఒకదాని మీద ఒకటి పేర్చి ఉన్నాయి. ఒకటి తీసి పట్టుకున్నాడు. అక్కడ ఆగాడు.

కడిగితే పోయేది తనకు. తన లెక్కలో మరక అంటే మరకే, పోయిందంటే పోయినట్టే. కానీ దాన్ని తినేది తను కాదు. ఖాదర్ భాయ్ ఈ మిషన్ మొదటి సీసాను సెలవులో ఇంటికి తీసుకుపోతానని, తన చేతులతో బిగించిన దానిలోది భార్య బీబీజాన్‌కు తినిపిస్తానని పది రోజులుగా చెబుతున్నాడు. ఆయనకు అది కడిగితే పోతుందా, పోదా? పోతుందేమో. పెద్దలు పోతుందనే చెబుతారేమో. కానీ అది అడగాల్సింది ఆయన, చెప్పాల్సింది వాళ్ల పెద్దలు. వాళ్ల బదులు తను టిక్కు పెట్టేస్తే, ఒకసారి మొద్దుబారి పెట్టాడు సరే, ఈసారి కళ్లు తెరిచి పెట్టినట్టవుతుంది.

మూత మూసేశాడు. ఖాదర్ వచ్చేదాకా మిషన్ పక్కన స్టూలు మీద కూర్చున్నాడు.

ఖాదర్ చేతులు తుడుచుకుంటూ వచ్చి స్పానర్ అందుకోబోయాడు.

"భాయ్, ముట్టకు," అన్నాడు ఉదయకిరణ్. "గది వైన్ రంగు. ఫ్రాన్సుల గీ మిషన్ల వైన్ వోసిండ్రు. నేను ఆడ్నే ఉన్న. నీళ్లే వోసిండ్రని సంతకం వెట్టిన."

ఖాదర్ మొహంలో ఏమీ మారలేదు. చేతులు మాత్రం వెనక్కి తీసుకుని ప్యాంటుకు రాసుకున్నాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి. పది రోజులుగా వాటితోనే ఆ గొట్టాలన్నీ బిగించాడు.

"ఎవరికి చెప్పినావు?"

"నీకే మొదలు."

"పద," అన్నాడు ఖాదర్. "ముదీర్ కాడికి పోదాం." మేనేజర్‌ను అక్కడ అందరూ ముదీరే అంటారు.

ముదీర్ గట్టిగా అరిచే మనిషి కాదు. గాస్కెట్‌ను కాగితం మీద పెట్టించుకుని చూశాడు. ఫ్రాన్సుకు ఫోన్ చేశాడు. లూసియెన్ దాచలేదు, అవును పోశాం, మీ ఇంజనీరు ఎదురుగానే ఉన్నాడు, వద్దనలేదు అన్నాడు. ముదీర్ ఫోన్ పెట్టేసి మరో రెండు ఫోన్లు చేశాడు. ఆదివారం మిషన్ మొదలవదు. హలాల్ ముద్ర ఇచ్చేవాళ్లు వచ్చి చూసి, ఎట్లా శుద్ధి చేయాలో చెప్పి, దగ్గరుండి చేయించేదాకా దాన్ని తాకరాదు. రంజాన్ పాత మిషన్ మీదే గడవాలి. ఒప్పుకున్న దుకాణాల్లో సగానికి లేదని చెప్పాలి. ఇదంతా తేల్చాక ఉదయకిరణ్ వైపు తిరిగి, నువ్వు అట్లాంటివాడివి కాదే, ఎందుకు పెట్టావని ఇంగ్లీషులో అడిగాడు.

ఉదయకిరణ్ చెప్పాడు. ఆ రోజు మా అక్క చనిపోయింది. ఇంగ్లీషులో ఆ వాక్యం చాలా చిన్నది. రెండు నెలల కింద ఎందుకు దొరకలేదో అతనికే అర్థం కాలేదు.

ముదీర్ లేచి నిలబడి, వాళ్ల పద్ధతిలో పోయినవాళ్ల ఇంటివాళ్లకు చెప్పే మాట అరబ్బీలో చెప్పాడు. మళ్లీ కూర్చుని, మామూలు గొంతుతోనే, ఇకనుంచి నీ సంతకం చెల్లదన్నాడు. ఇంటికి పోయి రమ్మన్నాడు. పోయి తిరిగి వచ్చే ఎగ్జిట్ రీ-ఎంట్రీ వీసా రేపే కొట్టిస్తాను, పదిహేను రోజులు, వచ్చాక ఉద్యోగం సంగతి చూద్దాం అన్నాడు. అది దయో శిక్షో ఉదయకిరణ్‌కు తెలియలేదు. రెండింటిలో ఏదైనా అతనికి ఒకటే బరువుగా ఉంది.

బయటికి వచ్చాక ఖాదర్ షెడ్డు దాకా ముందు నడిచాడు. వాకిట్లో ఆగాడు.

"రెండు నెలలు ఒకే ప్లేటులో తింటిమి," అన్నాడు. "నవ్వుతుండాడని ఆ ఫోటో ఊరంతా చూపిస్తా తిరిగితి. నాకు చెప్పకపోతివే."

"చెప్పాలని లేకుండె భాయ్. చెప్పొద్దనీ లేకుండె."

ఖాదర్ తల ఊపాడు. అర్థమైందో లేదో తెలియదు. కోపం పోలేదు. పోకుండానే అడిగాడు. "ఎప్పుడు పోతావు?"

"పోయి ఏం చెయ్యాలె భాయ్? దినాలు అయిపోయినయ్. బొక్కలు గోదావరిల కలిపిండ్రు. పోటోకు దండ గూడ ఏసిండ్రు. నాకు ఆడ పనే లేదు."

"ఏం చెయ్యొద్దు నాయనా," అన్నాడు ఖాదర్. "నీ బావ పక్కన పోయి కూర్చో. ఊరికే కూర్చో. దానికి సంతకం అక్కర్లే."

ఉదయకిరణ్ మొహం చిన్నగా కదిలింది. ఏడుపొస్తుందేమోనని ఖాదర్ చూశాడు. రాలేదు. లోపల ఎక్కడో, తిమ్మిరెక్కిన కాలిలో మొదటి సూది గుచ్చుకున్నంత మాత్రం. అతను జేబులోంచి ఫోను తీశాడు. స్వామి బావ పేరు వెతికి, వస్తున్నానని రాయబోయి ఆపి, ఫోన్ చేశాడు. అవతల మోగుతోంది. ఖాదర్ పక్కనే నిలబడ్డాడు, పోలేదు.