పెన్‌డ్రైవ్ పీకిన చెయ్యి

నాలుగేళ్లుగా నేను మా అన్నయ్య బట్టల కొట్టు మెట్లెక్కలేదు. "కంప్యూటర్లు బాగుచేస్తానంటూ స్క్రూడ్రైవర్ పట్టుకుని ఇల్లిల్లూ తిరిగేవాణ్ణి తమ్ముడని ఎలా చెప్పుకోను?" అని నలుగురిలో అన్నాడు. ఆ మాట నేను మరిచిపోలేదు, మరిచిపోను కూడా. ఇవాళ వెళ్లింది వదిన కోసం. పన్నెండేళ్లుగా ఆవిడ గీసిన ఎంబ్రాయిడరీ డిజైన్లన్నీ ఉన్న కంప్యూటర్‌కి వైరస్ పట్టింది. ఒక్కో ఫైలుకీ తాళం పడుతోందని ఫోన్లో ఏడ్చింది. ఇంకో కాపీ ఎక్కడా లేదు.

వెళ్లగానే కంప్యూటర్ ఆపేసి, నా పెన్‌డ్రైవ్ గుచ్చి, దాంతోనే ఆన్ చేశాను. అందులోని యాంటీవైరస్ వెతకడం మొదలుపెట్టింది. సగానికి పైగా ఫైళ్లు ఇంకా బాగానే ఉన్నాయి.

"పెన్‌డ్రైవ్‌తో నడుస్తున్నంతసేపూ వైరస్ లేవదు వదినా. మధ్యలో పీకి మామూలుగా ఆన్ చేశారా, కొరివితో తల గోక్కున్నట్టే. మిగతావీ మింగేస్తుంది. రెండు గంటలు ఎవరూ ముట్టుకోవద్దు."

"నా కొట్లో నాకే హుకుంలా?" అన్నాడు అన్నయ్య.

"నీకెవరు చెప్పారు? వదినకి చెప్పాను."

వదిన నా చేతికి కాఫీ ఇచ్చి, మమ్మల్నిద్దరినీ అలా వదిలేసి లోపలికి వెళ్లింది.

గంట గడిచింది. నేను కొట్లోని నిలువుటద్దం వైపు తిరిగి, వదిన మళ్లీ ఇచ్చి వెళ్లిన కాఫీ తాగుతున్నాను. నా వెనక అన్నయ్య లేచాడు. "వీడి బోడి పెత్తనం" అని గొణుగుతూ కంప్యూటర్ దగ్గరికి నడిచాడు. ఆయన చెయ్యి పెన్‌డ్రైవ్ మీదికి వెళ్లడం అద్దంలో స్పష్టంగా కనబడింది. "ఆగు" అంటే చాలు. పీకనీ, పెళ్లాం ముందు పరువు పోనీ అనుకున్నాను. అప్పుడు వదిన గుర్తు రాలేదని అబద్ధం చెప్పను. గుర్తొచ్చింది.

పీకాడు, మళ్లీ ఆన్ చేశాడు. నేను కాఫీ పూర్తిచేసి, గ్లాసు కింద పెట్టి, అప్పుడు వెళ్లి కరెంటు వైరు లాగాను. మళ్లీ పెన్‌డ్రైవ్ పెట్టి చూస్తే ఒక్క డిజైను కూడా మిగల్లేదు.

వదిన వచ్చి తెర వైపు చూసింది. కుర్చీలో కూలబడింది.

"వాడు ముందే చెప్పాడు," అన్నాడు అన్నయ్య తల దించుకుని. "నేనే వినలేదు. వాడి తప్పేం లేదు."

నాలుగేళ్లలో నా గురించి ఆయన అన్న మొదటి మంచిమాట అది. అవునన్నట్టు తలూపాను.